హుసేన్‌సాగర్‌లో తెరచాప పడవలు: వినోద విహారం, పోటీ క్రీడ, జల సంరక్షణ
(ప్రత్యేక వ్యాసం: పత్రికా ప్రతినిధులు, అధికారుల సమాచారం కొరకు)

చిలకలగూడ (సికింద్రాబాద్): సముద్రతీరానికి రోడ్డు మార్గాన మూడు వందల కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న జంట నగరాలలో తెరచాప పడవల పోటీలు ఏటా జరగడం, ఇక్కడి బస్తీల బాలబాలికలు జాతీయ స్థాయి పోటీలలో పాల్గొనడం చాలామందికి ఆశ్చర్యం కలిగించే విషయం. దీనికి ఆధారం హుసేన్‌సాగర్. చిలకలగూడ, సీతాఫల్‌మండి, పద్మారావునగర్ వంటి ప్రాంతాల నుంచి రాణిగంజ్ మీదుగా కొద్ది కిలోమీటర్లు ప్రయాణిస్తే ఈ జలాశయం ఉత్తర తీరానికి చేరుకోవచ్చు. వర్షాకాలంలో వీచే పడమటి గాలులు, విశాలమైన నీటి పరపు, తీరాన ఉన్న శిక్షణ సంస్థలు కలిసి సాగర్‌ను దేశంలోని ముఖ్యమైన లోతట్టు సెయిలింగ్ కేంద్రాలలో ఒకటిగా నిలిపాయి. ఈ క్రీడ మనుగడ గాలిపైన ఎంత ఆధారపడి ఉన్నదో, నీటి పరిశుభ్రతపైన కూడా అంతే ఆధారపడి ఉన్నది.

జలాశయం నేపథ్యం

ఇబ్రహీం కుతుబ్ షా పాలనలో 1562-63 ప్రాంతంలో హుసేన్ షా వలీ పర్యవేక్షణలో ఈ చెరువు నిర్మాణం జరిగింది. నాడు మూసీ నది నుంచి కాలువ ద్వారా నీటిని మళ్ళించి దీనిని నింపేవారు. 1806లో నిజాం సికిందర్ జా పేరిట సికింద్రాబాద్ వెలసిన తరువాత, సాగర్ కట్ట రెండు నగరాలను కలిపే రహదారిగా ప్రాముఖ్యం సంతరించుకున్నది. అదే నేటి ట్యాంక్‌బండ్. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాక నగర తాగునీటి అవసరాలకు హుసేన్‌సాగర్‌పై ఆధారపడవలసిన స్థితి క్రమంగా తొలగిపోయింది. సాగర్ పూర్తిస్థాయి నీటిమట్టం సముద్రమట్టానికి 513.41 మీటర్లు.

కంటోన్మెంట్ పట్టణంగా సికింద్రాబాద్‌కు గల సైనిక సంప్రదాయం ఇక్కడి సెయిలింగ్‌కు పునాది వేసింది. 1878లో ఏర్పడిన సికింద్రాబాద్ క్లబ్‌కు సాగర్ తీరాన సెయిలింగ్ విభాగం ఉన్నది. తిరుమలగిరి ప్రాంతంలోని మిలిటరీ కాలేజ్ ఆఫ్ ఎలక్ట్రానిక్స్ అండ్ మెకానికల్ ఇంజనీరింగ్‌తో అనుబంధం గల ఇ.ఎం.ఇ. సెయిలింగ్ అసోసియేషన్, లేజర్ క్లాస్ అసోసియేషన్ ఆఫ్ ఇండియాతో కలిసి హైదరాబాద్ సెయిలింగ్ వీక్‌ను దశాబ్దాలుగా నిర్వహిస్తూ వస్తున్నది. త్రివిధ దళాల జట్లతో పాటు వివిధ రాష్ట్రాల క్లబ్బుల క్రీడాకారులు ఈ పోటీలలో పాల్గొంటారు.

తెలుగు నేలపై తెరచాప

తెరచాప తెలుగువారికి కొత్త వస్తువు కాదు. రెండు కొయ్యలు గల ఓడ బొమ్మతో యజ్ఞశ్రీ శాతకర్ణి ముద్రించిన నాణేలు కోరమాండల్ తీరంలో లభించాయి. గోదావరి ముఖద్వారాన కోరంగి ఒకప్పుడు పేరుమోసిన ఓడరేవు, ఓడల నిర్మాణ కేంద్రం. 1839 నాటి తుపానుతో ఆ రేవు తీవ్రంగా దెబ్బతిన్నది. జాలరుల తెప్పలు, గోదావరిలో సరకు మోసిన పడవలు యంత్రాలు రాకమునుపు గాలి వాలును చూసుకునే సాగేవి. రవాణా అవసరంగా ఉన్న ఆ విద్య నేడు క్రీడగా, వినోదంగా మరో రూపం దాల్చింది.

విహార పడవకు, క్రీడా పడవకు గల తేడా

వార్తలలో ఈ రెండింటినీ ఒకటిగా పేర్కొనడం తరచుగా కనిపిస్తుంది. లుంబినీ పార్కు నుంచి బుద్ధ విగ్రహం వద్దకు పర్యాటకులను చేర్చే లాంచీలు, స్పీడ్ బోట్లు యంత్రంతో నడిచేవి. నాగార్జునసాగర్ నుంచి నాగార్జునకొండకు వెళ్ళే లాంచీలు, పాపికొండల విహార పడవలు కూడా ఈ కోవలోనివే. తెరచాప పడవకు గాలియే చోదకశక్తి. ఇందులో రెండు తరగతులు ఉన్నాయి.

మొదటిది పగటి విహారానికి ఉపయోగించే యాచ్. సాధారణంగా 18 నుంచి 26 అడుగుల పొడవు ఉండి, ముగ్గురు నుంచి ఆరుగురు వరకు కూర్చునే వీలు కలిగి ఉంటుంది. రాత్రి బసకు తగిన ఏర్పాట్లు ఉండవు, ఉన్నా నామమాత్రమే. అడుగున బరువైన కీల్ అమర్చి ఉండడం వలన గాలికి ఒరిగినా తిరిగి నిలదొక్కుకుంటుంది. ముంబయి రేవులో ఇటువంటి పడవల సంప్రదాయం పాతది. అక్కడి రాయల్ బాంబే యాచ్ క్లబ్ 1846లోనూ, చెన్నైలోని రాయల్ మద్రాస్ యాచ్ క్లబ్ 1911లోనూ ఏర్పడ్డాయి.

రెండవది డింగీ. ఒకరు లేదా ఇద్దరు నడిపే తేలికపాటి పడవ ఇది. దీనికి బరువైన కీల్ ఉండదు. అడుగు నుంచి నీటిలోకి దించే పలక, వెనుక చుక్కాని, ఒకటి లేదా రెండు మూడు తెరచాపలు ఉంటాయి. పలకను పైకి తీసే వీలు ఉండడం వలన పూడిక చేరిన, లోతు తక్కువైన తీరాల నుంచి కూడా దీనిని నీటిలోకి దింపవచ్చు. నడిపేవారి శరీర బరువే పడవకు సమతూకం. గాలి ఉధృతి పెరిగినప్పుడు డింగీ బోల్తా పడడం సర్వసాధారణం. నీటిలో పడిన క్రీడాకారుడు పలకపైకి ఎక్కి పడవను తిరిగి నిలబెట్టుకోవడం శిక్షణలో తొలి పాఠాలలో ఒకటి. హుసేన్‌సాగర్ పోటీలలో పాల్గొనేవి ప్రధానంగా డింగీలే. కాబట్టి ఈ క్రీడలో నీటితో శరీర సంపర్కం అనివార్యం. లాంచీ ప్రయాణికునికి, డింగీ నడిపే బాలునికి గల ముఖ్యమైన తేడా ఇదే.

ప్రధాన తరగతులు

ఆప్టిమిస్ట్: పదిహేనేళ్ళ లోపు పిల్లల పడవ. పొడవు 2.3 మీటర్లు, పడవ బరువు 35 కిలోలు, ఒకే తెరచాప. 1947లో అమెరికాలోని ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ రూపొందించారు.

ఐఎల్‌సీఏ: ఒకరు నడిపే 4.2 మీటర్ల పడవ. బ్రూస్ కిర్బీ రూపకల్పనలో లేజర్ పేరుతో 1971లో విపణిలోకి వచ్చింది. 1996లో ఒలింపిక్ క్రీడలలో ప్రవేశించింది. వాణిజ్య నామంపై తలెత్తిన వివాదం కారణంగా తదుపరి కాలంలో ఐఎల్‌సీఏగా పేరు మారింది. పడవ ఒకటే అయినా తెరచాప పరిమాణాన్ని బట్టి మూడు విభాగాలు ఉన్నాయి. కిశోర వయస్కులకు ఐఎల్‌సీఏ 4, మహిళలకు ఐఎల్‌సీఏ 6, పురుషులకు ఐఎల్‌సీఏ 7 ప్రధానంగా నిర్దేశించబడ్డాయి. పాత వార్తలలో కనిపించే లేజర్ 4.7, లేజర్ రేడియల్, లేజర్ స్టాండర్డ్ అనేవి వరుసగా ఇవే.

470: ఇద్దరు నడిపే పడవ. పొడవు 4.70 మీటర్లు కావడంతో ఆ పేరు వచ్చింది. 1963లో ఫ్రాన్సుకు చెందిన ఆండ్రే కార్ను రూపొందించారు. 2024 పారిస్ ఒలింపిక్స్ నుంచి స్త్రీ, పురుషులు జంటగా పాల్గొనే విభాగంగా మార్చారు.

49ఈఆర్, 49ఈఆర్ ఎఫ్ఎక్స్: ఇద్దరు నడిపే వేగవంతమైన పడవలు. మొదటిది పురుషులకు, రెండవది మహిళలకు ఉద్దేశించినది. 29ఈఆర్ యువ క్రీడాకారులకు వీటి శిక్షణ మెట్టు.

పోటీ జరిగే విధానం

గాలి వచ్చే దిక్కుకు సూటిగా ఏ తెరచాప పడవా సాగలేదు. సుమారు 45 డిగ్రీల కోణంలో ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు మళ్ళుతూ ఎదురుగాలిలో ముందుకు పోవలసి ఉంటుంది. ఈ మళ్ళింపును ట్యాకింగ్ అంటారు. నీటిపై తేలే బోయ్‌లను గుర్తులుగా నిలిపి, వాటి చుట్టూ నిర్ణీత క్రమంలో తిరిగి రావడమే పోటీ. నిర్వాహకులు గాలి దిశను పరిశీలించిన పిదపనే ఆరంభ రేఖను, గుర్తులను ఏర్పాటు చేస్తారు.

ఆరంభానికి 5 నిమిషాల ముందు తరగతి జెండాను ఎగురవేస్తారు. 4 నిమిషాల ముందు సన్నాహక జెండాను ఎగురవేసి, 1 నిమిషం ఉండగా దానిని దించుతారు. సంకేతం వెలువడకముందే రేఖ దాటిన పడవ వెనుకకు వచ్చి తిరిగి బయలుదేరవలసి ఉంటుంది. ఎదురెదురుగా వచ్చే రెండు పడవలలో, కుడివైపు నుంచి గాలి అందుకునే పడవకు రెండవది దారి ఇవ్వాలి. గుర్తును తాకిన పడవ ఒక చుట్టు, మరొక పడవ దారికి అడ్డువచ్చిన పడవ రెండు చుట్లు తిరిగి దోషపరిహారం చేసుకోవాలి. వివాదాలను పోటీ అనంతరం ప్రొటెస్ట్ కమిటీ విచారిస్తుంది. ఆ తీర్పు వెలువడే వరకు ప్రకటించిన స్థానాలు తాత్కాలికమేనని విలేకరులు గమనించవలసి ఉన్నది.

మొదటి స్థానానికి ఒక పాయింటు, రెండవ స్థానానికి రెండు పాయింట్లు చొప్పున లెక్కిస్తారు. అన్ని రేసుల మొత్తంలో తక్కువ పాయింట్లు గలవారే విజేతలు. నిర్ణీత సంఖ్యలో రేసులు పూర్తయితే, అతి తక్కువ ప్రతిభ కనబరచిన రేసును లెక్క నుంచి తొలగిస్తారు. గాలి లేనప్పుడు గంటల తరబడి పోటీ వాయిదా పడడం ఈ క్రీడలో సహజం. దానిని నిర్వహణ లోపంగా భావించరాదు.

జాతీయ, అంతర్జాతీయ ఫలితాలు

దేశంలో ఈ క్రీడ పర్యవేక్షణకు 1960లో యాచింగ్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా ఏర్పడింది. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో భారత్ తొలిసారి సెయిలింగ్‌లో పాల్గొన్నది. 1982 ఆసియా క్రీడలలో ఫారూఖ్ తారాపూర్, జరీర్ కరంజియా జంట ఫైర్‌బాల్ తరగతిలో స్వర్ణ పతకం సాధించింది. 1994-95 సంవత్సరానికి హోమీ మోతీవాలా, పి.కె. గర్గ్‌లకు రాజీవ్ గాంధీ ఖేల్‌రత్న పురస్కారం లభించింది.

2018 జకార్తా ఆసియా క్రీడలలో వర్షా గౌతమ్, శ్వేతా శెర్వెగార్ 49ఈఆర్ ఎఫ్ఎక్స్ తరగతిలో రజతం, వరుణ్ ఠక్కర్, కె.సి. గణపతి 49ఈఆర్‌లో కాంస్యం, హర్షిత తోమర్ లేజర్ 4.7లో కాంస్యం గెలుచుకున్నారు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో నలుగురు భారతీయులు మూడు విభాగాలలో పాల్గొన్నారు. ఈ క్రీడలో ఒలింపిక్స్‌కు అర్హత సాధించిన తొలి భారతీయ మహిళ నేత్రా కుమనన్. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడలలో నేహా ఠాకూర్ ఐఎల్‌సీఏ 4లో రజతం, విష్ణు శరవణన్ ఐఎల్‌సీఏ 7లో కాంస్యం, ఇబాద్ అలీ విండ్‌సర్ఫింగ్‌లో కాంస్యం సాధించారు. 2024 పారిస్ ఒలింపిక్స్ సెయిలింగ్ పోటీలు మార్సే నగర తీరాన జరుగగా, విష్ణు శరవణన్, నేత్రా కుమనన్ భారత్‌కు ప్రాతినిధ్యం వహించారు.

ఈ జాబితాలో ఒక అంశం ప్రత్యేకంగా పరిశీలించదగినది. హర్షిత తోమర్, నేహా ఠాకూర్ ఇరువురూ సముద్రం లేని మధ్యప్రదేశ్‌కు చెందినవారు. భోపాల్ పెద్ద చెరువు ఒడ్డున గల నేషనల్ సెయిలింగ్ స్కూల్‌లో శిక్షణ పొందారు. ఒక నగర చెరువు, ఒక క్రమబద్ధమైన శిక్షణ కేంద్రం ఉంటే ఆసియా స్థాయి పతకం సాధ్యమేనని ఈ ఉదాహరణ నిరూపిస్తున్నది. హుసేన్‌సాగర్‌కు గల అవకాశాన్ని కూడా ఈ దృష్టితోనే అంచనా వేయవలసి ఉన్నది.

బస్తీల నుంచి పోటీ నీటిలోకి

సైనిక కుటుంబాలకు, క్లబ్బుల సభ్యులకు చాలాకాలం పరిమితమైన ఈ క్రీడను సామాన్య కుటుంబాల పిల్లలకు చేరువ చేయడంలో యాచ్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ కృషి పేర్కొనదగినది. సుహేమ్ షేక్ 2009లో స్థాపించిన ఈ క్లబ్ సంజీవయ్య పార్కు తీరాన శిక్షణ నిర్వహిస్తున్నది. నావిక అనే కార్యక్రమం ద్వారా ప్రత్యేకించి పేద కుటుంబాల బాలికలకు శిక్షణ ఇస్తున్నారు. ఏటా వర్షాకాలంలో ఈ క్లబ్ నిర్వహణలో జరిగే మాన్‌సూన్ రెగట్టా యువ క్రీడాకారుల జాతీయ ర్యాంకింగ్ పోటీలలో ఒకటి. ఇక్కడ ఎదిగిన ప్రీతి కొంగర, సుధాంశు శేఖర్‌తో జతగా హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో 470 మిశ్రమ విభాగంలో దేశానికి ప్రాతినిధ్యం వహించారు.

ఈత రాని పిల్లలకు ముందుగా ఈత, ఆ పిదప ఆప్టిమిస్ట్, వయస్సు, బరువు పెరిగిన కొద్దీ ఐఎల్‌సీఏ 4, 29ఈఆర్, 470 వంటి తరగతులు అనేది ఇటువంటి శిక్షణలో సాధారణ క్రమం. పడవల ధర, నిర్వహణ వ్యయం సామాన్య కుటుంబాలు భరించగలిగినవి కావు. పడవలు క్లబ్బు లేదా ప్రభుత్వ సంస్థ ఆస్తిగా ఉండి, పలువురు పిల్లలకు వంతులవారీగా అందుబాటులో ఉన్నప్పుడే ఈ క్రీడ విస్తరిస్తుంది.

సముద్రయానంలో తెలుగు మహిళలు

చెరువులో నేర్చే గాలి పాఠాలే మహాసముద్రాలలోనూ ఆధారం. భారత నౌకాదళానికి చెందిన ఆరుగురు మహిళా అధికారులు ఐఎన్ఎస్‌వి తారిణి అనే 55 అడుగుల తెరచాప నౌకపై ప్రపంచాన్ని చుట్టి వచ్చారు. వర్తికా జోషి నాయకత్వంలో 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి బయలుదేరి, సుమారు 21,600 నాటికల్ మైళ్ళు, అనగా 40,000 కిలోమీటర్లు ప్రయాణించి 2018 మే 21న గోవాకు తిరిగివచ్చారు. ఈ బృందంలో విశాఖపట్నానికి చెందిన పి. స్వాతి, హైదరాబాద్‌కు చెందిన ఐశ్వర్య బొడ్డపాటి ఉండడం తెలుగువారికి గర్వకారణం. ఆస్ట్రేలియాలోని ఫ్రీమాంటిల్, న్యూజిలాండ్‌లోని లిటిల్‌టన్, ఫాక్‌లాండ్ దీవులలోని పోర్ట్ స్టాన్లీ, దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ రేవులలో వారు ఆగారు. చుక్కాని వ్యవస్థలో తలెత్తిన ఇబ్బందితో మారిషస్‌లో అదనంగా ఆగవలసి వచ్చింది.

గాలి మంచిదైన ఋతువే నీరు చెడ్డదైన ఋతువు

నైరుతి ఋతుపవనాల కాలంలో, ప్రత్యేకించి జులై మాసంలో, సాగర్‌పై పడమటి దిక్కు నుంచి బలమైన గాలి వీస్తుంది. ప్రధాన పోటీలు ఈ కాలంలోనే జరగడానికి కారణం ఇదే. అయితే కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బాల్కాపూర్ నాలాలు పరీవాహక ప్రాంతపు వాననీటితో పాటు మురుగును, వ్యర్థాలను సాగర్‌లోకి మోసుకువచ్చేది కూడా ఈ ఋతువులోనే. తొలి వానలకు వీధులలో, కాలువలలో పేరుకున్న మాలిన్యం ఒక్కసారిగా కొట్టుకువస్తుంది. డింగీ బోల్తా పడిన ప్రతిసారీ బాలలు ఆ నీటిలోనే పడతారు. క్రీడాకారుల ఆరోగ్య సమస్య ఇందులో ఇమిడి ఉన్నది.

జలాశయ పరిరక్షణకు పలు చర్యలు చేపట్టడం జరిగింది. సాగర్ తీరాన మురుగునీటి శుద్ధి కేంద్రాలు నెలకొల్పారు. జపాన్ ఆర్థిక సహాయంతో 2006లో హుసేన్‌సాగర్, పరీవాహక ప్రాంత అభివృద్ధి పథకం మంజూరయింది. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహాలను సాగర్‌లో నిమజ్జనం చేయరాదని తెలంగాణ హైకోర్టు 2021లో ఆదేశించగా, సుప్రీంకోర్టు ఆ ఒక్క సంవత్సరానికి చివరి అవకాశంగా అనుమతించింది. గుర్రపుడెక్క మరొక సమస్య. ఇది చుక్కానికి, అడుగు పలకకు చుట్టుకొని పడవ వేగాన్ని తగ్గిస్తుంది. గాలివాటున కొట్టుకువచ్చి పడవలను దింపే చోటును కమ్మివేస్తుంది. నిమజ్జన విగ్రహాల ఇనుప చట్రాలు నీటిలో మిగిలిపోతే, పడవ అడుగుకూ, ఒడ్డున నీటిలోకి దిగేవారి కాళ్ళకూ ప్రమాదకరం.

భద్రతా నియమాలు

నిశ్చలంగా కనిపించినంత మాత్రాన జలాశయం నిరపాయకరం కాదు. 1990 మార్చి 10న బుద్ధ విగ్రహాన్ని తరలిస్తున్న బార్జి ఒరిగి విగ్రహం సాగర్‌లో మునిగిపోగా పలువురు ప్రాణాలు కోల్పోయారు. విగ్రహాన్ని వెలికితీసి 1992 డిసెంబరు 1న ప్రతిష్ఠించడం జరిగింది. 2017 నవంబరు 12న విజయవాడ సమీపాన కృష్ణానదిలోనూ, 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు వద్దనూ జరిగిన పడవ ప్రమాదాలు విహార యాత్రల భద్రతపై తీవ్రమైన హెచ్చరికలు. అవి యంత్రపు పడవలకు సంబంధించినవే అయినప్పటికీ, లైఫ్ జాకెట్, పరిమితికి లోబడిన ప్రయాణికుల సంఖ్య, వాతావరణ సూచన, రక్షక పడవ అనే నాలుగు నియమాలు అన్ని రకాల పడవలకూ వర్తిస్తాయి. 1917 నాటి చట్టం స్థానంలో వచ్చిన 2021 ఇన్‌ల్యాండ్ వెసెల్స్ చట్టం యంత్రం లేని పడవలను కూడా తన పరిధిలోకి తీసుకున్నది.

పోటీల కాలంలో అధికారులు శ్రద్ధ వహించవలసిన అంశాలు

1. జులైకి ముందే గుర్రపుడెక్కను తొలగించి, పడవలు దింపే తీరాన్ని శుభ్రపరచడం.
2. నీటి నాణ్యత పరీక్షల ఫలితాలను పోటీలకు ముందు నిర్వాహకులకు అందజేయడం. భారీ వర్షం కురిసిన వెంటనే పిల్లల శిక్షణను వాయిదా వేసే విషయమై నిర్వాహకులతో సంప్రదించడం.
3. నీటిమట్టం పెరిగి తూముల ద్వారా నీటిని విడుదల చేసే సందర్భంలో క్లబ్బులకు ముందస్తు సమాచారం ఇవ్వడం.
4. పోటీ జరిగే నీటి ప్రాంతాన్ని లాంచీలు, స్పీడ్ బోట్ల మార్గం నుంచి వేరుచేయడం. వేగంగా పోయే యంత్రపు పడవ లేపే అల చిన్న డింగీని బోల్తా కొట్టించగలదు.
5. నిమజ్జనానంతరం అవశేషాలను, ప్రత్యేకించి ఇనుప చట్రాలను, పూర్తిగా వెలికితీయడం.

ఈ చర్యలలో ఏ ఒక్కటీ కేవలం క్రీడాకారుల కొరకు ఉద్దేశించినది కాదు. తీరాన నడిచేవారికి, నాలాల వెంబడి నివసించే బస్తీలకు, జలాశయాన్ని ఆశ్రయించే పక్షులకు సైతం ఇవి మేలు చేకూర్చేవే. అయితే సాగర్ నీటి స్థితిని ప్రతిరోజూ తమ శరీరంతో అనుభవించేవారు శిక్షణ పొందుతున్న బాలబాలికలే. కాబట్టి ప్రతి జులైలో వెలువడే రెగట్టా వార్తలలో విజేతల వివరాలతో పాటు, ఆ రోజులలో నమోదైన నీటి నాణ్యత వివరాలను కూడా పొందుపరచినట్లయితే ప్రజలకు, యంత్రాంగానికి అది ఉపయుక్తమైన సమాచారం కాగలదు.